గ్రేసమ్మ గారి ఎర్ర కారు

డెబ్భై అయిదులో అనంతపురం నుంచి విజయవాడ వెళ్లినప్పుడు, కూచిపూడిలో ఉన్న స్నేహితురాలిని చూడటానికి బస్సెక్కాను. దారిలో బస్సు చెడిపోయింది. రోడ్డు పక్క గేటు మీద 'కారు పందేలు, తుపాకీ గురి, మ్యూజియం' అని బోర్డు కనిపిస్తే మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాను.

దాన్ని నడుపుతున్నది గ్రేసమ్మ గారని, యాభై ఏళ్ల ఆవిడ. మద్రాసులో కారు పందేల్లో పాల్గొన్న ఆమె భర్త సొంత పొలంలోనే ఇదంతా కట్టించుకుని, మూడేళ్ల క్రితం పోయారట. గురి నేర్చుకునేవాళ్లు వస్తున్నారు గానీ, పెట్రోలు ధర పెరిగాక పందేలకు ఎవరూ రావడం లేదన్నారు. షెడ్డులో పాత తుపాకులు, కార్లు చూపిస్తూ ఒక ఎర్ర కారు దగ్గర ఆగారు.

"ఇది ఆయన బండండీ. కొంటామని చాలామంది వచ్చారు, నేనే ఇవ్వలేదు. రండి, ఒక చుట్టు తిప్పుతాను."

"మీరు నడుపుతారా?" అన్నాను ఆశ్చర్యపోయి. మా వైపు భర్త పోయిన ఆడవాళ్లు గడప దాటడమే అరుదు.

"ఆయన పోయాకే నేర్చుకున్నానండీ."

మట్టి బాట మీద కారు దూసుకుపోతుంటే నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. కాలువ మలుపు దగ్గర ఆవిడ వేగం తగ్గించారు.

"పందెం మధ్యలో కూడా ఆయన ఇక్కడ నెమ్మది చేసేవారండీ. నేను ఆ గట్టు మీద నిలబడేదాన్ని. నన్ను చూడందే ముందుకెళ్లేవారు కాదు. అందుకే ఎన్నిసార్లు ఓడిపోయారో!"

అలా అంటూనే కారు ఆపేసి, ఖాళీ గట్టు వైపు చూస్తూ ఉండిపోయారు. నేను కూడా అటే చూస్తూ కూర్చున్నాను.