లక్షా మూడు

నా చిన్నతనంలో, ఆర్మూరు చుట్టూ కల్లాల్లో పసుపు ఉడికే రోజుల్లో, మా తమ్ముడికి జ్వరం వచ్చింది. అమ్మానాన్నలు వాడిని నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోతూ నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలారు. అక్క అప్పుడు డిగ్రీలో లెక్కలు చదువుతోంది. నేను తిండి మానేసి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంటున్నానని ఒకరోజు పలక మీద 1,00,003 అని రాసి నా చేతికిచ్చింది.

"గీ లక్షా మూడును ఏం మిగలకుంట భాగించే అంకె దొర్కవట్టు సూద్దాం. ఒకటి వద్దు, లక్షా మూడూ వద్దు."

రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. మూడుతో ఒకటి. ఏడుతో చేస్తే మళ్లీ ఒకటే మిగిలింది. ఆ ఒక్కటీ లేకపోతే అయిపోయేది కదా అని ఏడుపొచ్చింది. అప్పుడే మనసులో ఒక మాట అనుకున్నాను. ఆ అంకె దొరికితే తమ్ముడు నడిచి ఇంటికొస్తాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అన్నం తింటూ కూడా భాగిస్తూనే ఉన్నాను. యాభై దాటాను, వంద దాటాను. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలేది.

వాడిని నాన్న చేతుల మీద తెచ్చాడు. అమ్మ జీపు దిగలేకపోయింది.

అందరూ ఏడుస్తుంటే నేను పలక పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. "నాకు దొర్కలే అక్కా. గందుకే తమ్ముడు పోయిండు."

అక్క ముఖం పాలిపోయింది. "గట్ల అనకు బిడ్డా. దాన్ని భాగించే అంకే లేదు. నాకు ముందే ఎర్క. నువ్వు జర మర్చిపోతవని ఇచ్చిన."

నేను నమ్మలేదు. ఇంకా వెతికితే దొరికేదన్నాను. మర్నాడు అక్క కాలేజీ మానేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి భాగించడం మొదలుపెట్టింది. రెండుతో పోనిది నాలుగుతోనూ పోదని అలాంటివి వదిలేస్తూ, మూడువందల పదిహేడు దగ్గర ఆగింది.

"దీన్ని దీంతోనే గుణిస్తే లక్షా మూడు దాటిపోతది. ఇంతకన్న పెద్దది ఏదన్న ఉంటే, దాన్ని గుణిస్తే లక్షా మూడయ్యే జోడు అంకె చిన్నదై మనకు ఇప్పటికే దొర్కాలె. దొర్కలే. ఇగ లేదు బిడ్డా. నీ తప్పు లేదు."

అప్పుడు ఏడ్చాను. వాడు పోయాక అదే మొదటిసారి. అక్క నా తల ఒళ్లో పెట్టుకుంది.

అమ్మ బతికినన్నాళ్లూ ఒకటే మాట అడిగేది. "ఒక్కరోజు ముందుగాల తోల్కపోతే బతుకుతుండెనా?" అక్క నాకు చేసినట్టు అమ్మ పక్కన కూర్చుని, అన్నీ చూసి, ఇగ లేదు, నీ తప్పు లేదు అని చెప్పాలని ఎంతో ఉండేది. కానీ ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో నాకే తెలియదు. అమ్మ అడుగుతూనే పోయింది. ఇప్పుడు అడుగుతున్నది నేను.