గోలు వెనక కూర్చున్న మనిషి

నేను ఒక మనిషి పొట్ట కొట్టాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ మనిషికి కూడా తెలియదు, ఇప్పటికీ నన్ను అక్కా అనే పిలుస్తాడు. ఎన్నేళ్లయిందో చెప్పను. చెబితే ఏ సీజనో, ఏ జట్టో, మన పెద్దవాళ్లు రంగూన్ అనే యాంగూన్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. చాలా ఏళ్లనుకోండి. ఇన్నేళ్లూ ఇది నా గుండెల మీద కుంపటిగానే ఉంది.

మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తిట్టుకోండి, కాదనను. కానీ తిట్టేముందు కాసేపు నాతో కలిసి ఆలోచించండి. నేనేం చేశానో నాకు బాగా తెలుసు. ఎందుకు చేశానన్నదే ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. తన చెయ్యి ఎందుకు అలా కదిలిందో మనిషికి తెలియకపోవడం విచిత్రం కాదూ? ఆటగాళ్ల కాళ్లు ఎందుకు ఎటు కదిలాయో వారం వారం రాసినదాన్ని, నా చెయ్యి సంగతి దగ్గరికి వచ్చేసరికి బిక్కమొహం వేస్తున్నాను.

నాది టైపు పని. ఊరి నడుమ చౌక్తడా పేటలో, కోర్టు దగ్గరి పాత భవనాల కింద, ఫుట్‌పాత్ మీద ఒక బల్ల, ఒక బర్మా టైపు మిషను, ఒక గొడుగు. కరెంటు పోతే పక్క కొట్లో కంప్యూటర్లు ఆగిపోతాయి, నా మిషను ఆగదు. అందుకే ఈ రోజుల్లో కూడా నాకు పని ఉంది. తాతల కాలంలో రేవు పనికొచ్చిన కుటుంబాలు మావి. మన తెలుగువాళ్లెవరికి కాగితం పని పడినా, పబేడాన్ కొట్లవాళ్ల దగ్గర్నుంచి నది అవతలి తన్లిన్ ఫ్యాక్టరీవాళ్ల దాకా, నా బల్ల దగ్గరికే వస్తారు. నోటితో చెప్పింది విని, ముందు పెన్సిలుతో చిత్తు రాసి, మర్యాదగా దిద్ది, తర్వాత మిషను మీద కొడతాను. ఆఫీసువాళ్లకు ఏ మాట నచ్చుతుందో ఏది నచ్చదో నాకు తెలుసని వాళ్ల నమ్మకం. నిజమే, తెలుసు.

ఇంకో పని కూడా ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు. మా పేట జట్టొకటి పై లీగులోకి కొత్తగా వచ్చిన ఏడాది ఫేస్‌బుక్‌లో ఒక పేజీ పెట్టాను, బర్మా భాషలో. దాని పేరుకు తెలుగులో అర్థం 'గోలు వెనక నుంచి'. కింద కో తూరా అని మగపేరు పెట్టుకున్నాను. స్టేడియంలో నేను కూర్చునేది నిజంగా గోలు వెనకే. అక్కడ జనం పల్చగా ఉంటారు, ఒంటరి ఆడమనిషి జోలికి ఎవరూ రారు, పైగా మా కీపరు అరుపులు వినిపిస్తాయి. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారతాయి కదా, నేనూ లేచి మా కీపరు వెనకే అవతలి గోలు దగ్గరికి పోయేదాన్ని. ఒక టోపీ, వేయించిన బఠాణీల పొట్లం, చిన్న నోటుపుస్తకం. అంతకంటే నాకు ఏ ఆదివారమూ ఏమీ అక్కర్లేదు.

ఆడమనిషి, అందులోనూ మన రంగు ఆడమనిషి, ఆఫ్‌సైడు గురించి చెబితే ఎవరు వింటారనుకున్నాను. వింటారో వినరో ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. కో తూరా మాట మాత్రం విన్నారు. సోమవారం పొద్దున టీ కొట్లో గుమాస్తాలు కో తూరా ఏమన్నాడో చెప్పుకుని వాదించుకుంటుంటే, పక్కనే వాళ్ల కాగితాలు కొడుతూ ముసిముసిగా నవ్వుకునేదాన్ని. ఒకసారి ఒకాయన నాకే విడమరిచి చెప్పాడు, సయామా, అంటే పంతులమ్మా, మీకు తెలియదు గానీ ఆయన పాత ఆటగాడై ఉంటాడు అని. అవునా అన్నాను.

ఆ సీజను ఎలా నడిచిందో కొంచెం చెప్పాలి. మొదట్లో మావాళ్లు ఎవరూ ఊహించనట్టు ఆడారు. పెద్ద జట్లు మమ్మల్ని తేలిగ్గా తీసుకున్నాయి, మేము ఎదురుదాడికి దిగి గెలిచాం. మేము అంటున్నాను చూడండి, అభిమానుల జబ్బు ఇంకా వదల్లేదు. వానలు మొదలయ్యాక గ్రౌండు బురదయింది, మా పొట్టి ఫార్వర్డుల పరుగుకు కళ్లెం పడింది. ఒకడి మోకాలు పోయింది. అక్కణ్ణుంచి దిగజారడమే. ఆ తర్వాత మాకు వచ్చిన ప్రతి పాయింటూ కీపరు పుణ్యమే.

అతని పేరు రాజు అనుకుందాం. జెర్సీ మీద బర్మా పేరే, పుట్టింది మాత్రం మన తెలుగింట్లో. వాళ్లమ్మ కాగితాలు నేనే టైపు చేశాను. పొడుగు మనిషి, గాల్లోకి లేచే బంతికి భయపడేవాడు కాదు. డిఫెండర్లను బర్మా భాషలో పిలిచి, ఒళ్లు మండితే తెలుగులో తిట్టేవాడు. ఆ తిట్లు గోలు వెనక నాకొక్కదానికే అర్థమయ్యేవి. అతని గురించి వారం వారం మంచిగా రాశాను. అందులో పక్షపాతం లేదు, ఒట్టు. ఆడాడు, రాశాను.

సీజను చివరికొచ్చాక నా రాత కింద ఎవడో ఒక మాట పెట్టాడు. ఈ కో తూరా ప్రతిసారీ ఆ కలాని వెనకేసుకొస్తాడేమిటి, వీడూ కలాయేనా అని. కలా అంటే మన రంగువాళ్లను ఇక్కడ పిలిచే మాట. అనే గొంతును బట్టి అది తిట్టవుతుంది. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. నేను జవాబివ్వలేదు. కానీ వారమంతా అది చెవిలో జోరీగలాగే ఉంది. టీ కొట్లో గుమాస్తాలు కూడా ఆ మాట చదివి నవ్వారు. నేను తల దించుకుని మిషను కొట్టాను.

ఆ ఆదివారమే ఆఖరి మ్యాచి. డ్రా అయినా చాలు, లీగులో ఉండిపోతాం. వాన వెలిసి ఎండ కాసింది. ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా అవతలివాడు దూరం నుంచి గట్టిగా కొట్టాడు. బంతి కుడికి వస్తోంది. రాజు కుడికే దూకాడు. మధ్యలో మా డిఫెండరు మోకాలికి తగిలి అది ఎడమకు తిరిగి వలలో పడింది. తగిలిన చప్పుడు కూడా విన్నాను. అటు పక్క ఉన్న ఒకే ఒక్క కెమెరాకు మనుషులు అడ్డం. డిఫెండరుకు తెలుసు, వాడు నోరెత్తలేదు. రాజుకు తెలుసు. నాకు తెలుసు.

ఆ ఒక్క గోలుతో ఓడి కింది లీగుకు పడిపోయాం. బస్సు దిగకముందే ఫోనులో రాసి పెట్టేశాను. ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'బంతి ఎడమకు వచ్చింది. మన కీపరు కుడికి దూకాడు. ఎందుకు దూకాడో అతనికే తెలియాలి.' అంతే. అమ్ముడుపోయాడని నేను అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా రాశాను. నా పని అదే కదా, ఏ మాట ఎక్కడ ఎలా పని చేస్తుందో తెలిసినదాన్ని. తెల్లారేసరికి ఆ అనని మాట ఊరంతా అనేసింది. కో తూరా ఎవరి పక్షమూ కాదని కూడా అన్నారు. అది చదివి నాకు సంతోషమైంది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది సంతోషమే.

రెండు వారాల తర్వాత రాజు నా బల్ల దగ్గరికి వచ్చాడు. క్లబ్బువాళ్లు కాంట్రాక్టు గురించి చూస్తాం, చూస్తాం అంటున్నారట. మిగతా క్లబ్బులు ఫోను ఎత్తడం లేదట. తన తప్పు లేదని క్లబ్బుకు ఉత్తరం రాయించుకోవాలని వచ్చాడు. మన టైపు అక్క ఉండగా ఇంకొకరి దగ్గరికి ఎందుకని వాళ్లమ్మ పంపింది. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. నేను రాసిందే, ప్రింటు తీయించాడు. ఆ మూడు వాక్యాల కింద ఎర్రసిరాతో గీత ఉంది.

కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"అక్కా, ఈయనకి నా మీద ఏటి కోపం? అన్ని వారాలూ మంచిగా రాసినాడు. ఈ ఒక్కవారం ఏటైపోనాది?"

ఏమోనన్నాను. పెన్సిలు చెక్కుకున్నాను. అతను చెబుతూ పోయాడు, నేను చిత్తు రాస్తూ పోయాను. బంతి ఎటు వచ్చిందీ, మోకాలికి ఎలా తగిలిందీ, తానెందుకు కుడికి దూకిందీ. నేను చూసింది చూసినట్టే చెప్పాడు. చివర్లో ఆ కాగితం మీద వేలు పెట్టాడు.

"ఈయన గోలెనకాలే కూకుంతాడంట. కూకుంటే సూసే ఉంతాడు. ఆయన్ని పిలిసి అడగమని రాయక్కా."

రాశాను. రాసి, ఆ వాక్యం వంక చూస్తూ కూర్చున్నాను.

"ఆయనెవరో ఏటో. ఫేస్‌బుక్కులో రాసుకునేవోణ్ణి సాచ్చెం అడిగితే క్లబ్బోళ్లు నవ్వుతారు రాజూ."

"నవ్వుతారేటి?"

"నవ్వుతారు. ఆ మాటొక్కటి తీసేద్దాం. మిగిలినదంతా బాగున్నాది."

అతను ఆ ప్రింటు కాగితం మళ్లీ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు సెప్పినాక మరింకేటుంది. తీసీయక్కా."

పెన్సిలుతో ఆ వాక్యం కొట్టేశాను. మిగతాది చక్కగా టైపు చేసి ఇచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. క్లబ్బు నుంచి జవాబు రాలేదు. కాంట్రాక్టూ రాలేదు. ఇంకే జట్టూ పిలవలేదు. తన్లిన్‌లో ఒక ఫ్యాక్టరీలో సరుకు ఎత్తే పనికి కుదిరాడు.

ఇక్కడే నాకు అంతుపట్టనిది ఉంది. రాత సంగతి అర్థం చేసుకోగలను. భయమని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మన రంగు మనిషికి ఈ ఊళ్లో భయపడడానికి కారణాలు కరువా? కానీ నిజంగా భయమైతే పేజీ మూసేసి ఊరుకునేదాన్ని. నాకు పోతుందనిపించింది ప్రాణం కాదు, పరువు కూడా కాదు, ఆ గుమాస్తాలు ఆయన, ఆయన అంటుంటే నాలో కలిగే ఆ కులుకు. దానికోసం ఒక మనిషిని అమ్మేశాను. ఇది ఒప్పుకోవడానికే ఏళ్లు పట్టింది.

కానీ ఉత్తరంలో ఆ వాక్యం ఎందుకు కొట్టేశాను? ఉంచితే నాకేం నష్టం? క్లబ్బువాళ్లు పేజీకి కబురు పెట్టేవాళ్లు. నేను పలకకుండా ఉంటే సరిపోయేది. కో తూరా ఎవరో పట్టుకునే నాథుడే లేడు. దీన్ని ఎన్నిసార్లు తిరగేసి చూశానో. పిలిస్తే వెళ్లి నిజం చెప్పేస్తానేమోనని భయపడ్డానా? నాలో ఎక్కడో అంత మంచి మిగిలే ఉందని తెలిసి, ముందుగానే దాని దారి మూసేశానా? ఇలా అనుకుంటే నేను కాస్త మంచిదాన్నిగా కనిపిస్తాను. అందుకే ఈ జవాబును కూడా నమ్మబుద్ధి కాదు.

పేజీ ఆ సీజనుతోనే ఆపేశాను. జట్టు కింది లీగుకు పోయిన బాధలో కో తూరా కలం పడేశాడని జనం అనుకున్నారు. ఓదారుస్తూ ఎంతమంది రాశారో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి వంతెన దాటి తన్లిన్ వెళ్లాను. ఫ్యాక్టరీ జట్టుకు రాజు గోలులో నిలబడతాడని విన్నాను. ఎందుకు వెళ్లాను? చెప్పడానికి అనుకున్నాను, కానీ బహుశా ఎలా ఉన్నాడో చూడాలనే. కొంచెం ఒళ్లు వచ్చింది, దూకడం మాత్రం అదే దూకడం. ఈసారి నేను పక్కన నిలబడ్డాను. ఆటయ్యాక నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, స్నేహితులందరికీ చూపించాడు. నా ఉత్తరం రాసిన అక్క ఈవిడే అన్నాడు. క్లబ్బువాళ్లు జవాబివ్వకపోయినా, చదివినవాళ్లంతా ఉత్తరం ఎంత బాగుందోనన్నారట. నాకు మొహింగా తెప్పించి దగ్గరుండి తినిపించాడు. వేడి చేపల పులుసు, సేమ్యాలు, నిమ్మకాయ పిండి మరీ ఇచ్చాడు. తిన్నాను. ఒక్క ముద్దా గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది, కానీ అబద్ధం. ఆకలిగా ఉంది, అంతా తిన్నాను. చెప్పకుండా తిరిగొచ్చాను.

అతను ఇప్పటికీ వాళ్లనీ వీళ్లనీ నా దగ్గరికి పంపుతుంటాడు. ఆ అక్క చేతిలో పడితే కాగితం గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదని చెబుతాడట.

ఇంతదాకా రాసి చదువుకున్నాను. చదువుకుంటే ఒక సంగతి తట్టింది. ఇది తెలుగులో రాశాను. రాజుకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఇక్కడ అతని ఈడువాళ్లలో చదవగలిగినవాళ్లు లేరనే చెప్పాలి. బర్మా భాషలో రాసి ఆ పాత పేజీలో పెట్టి ఉంటే సాయంత్రానికల్లా తన్లిన్ చేరేది. తెలుగులో ఎందుకు మొదలుపెట్టానో అప్పుడు ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే ఇటు కదిలింది.

మళ్లీ అదే పని చేశాను, చూశారుగా. అయినా చింపెయ్యను. ఆ గోలు రాజు తప్పు కాదు, నేను చూశాను. ఈ మాట ఒక మనిషితో అనడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. కాస్త ఊపిరాడుతోంది, నాకు మాత్రమే.