నాలుక లేని గంట

దయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. అమెరికాలో మా హెర్న్‌డన్ ఇంట్లో స్మోక్ అలారం ఊరికే కూసినా మా ఆయన ఆంజనేయస్వామిని తలుచుకుంటాడు. నేను స్టూలెక్కి బ్యాటరీ మారుస్తాను.

దగ్గర్లోని ఒక చిన్న మ్యూజియంలో పాత వస్తువుల ఫొటోలు తీసి కేటలాగ్ చేయడం నా ఉద్యోగం. రెండేళ్ల కిందట మా వాళ్లు బెనిన్ నగరానికి చెందిన వస్తువులను వెనక్కి పంపాలని నిర్ణయించారు. ఇప్పుడు నైజీరియాలో ఉన్న ఆ ఊరు ఒకప్పుడు పెద్ద రాజ్యానికి రాజధాని. చుట్టూ మైళ్లకొద్దీ మట్టి కట్టలు, కందకాలు. ఇత్తడి పోతపోసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక వీధి. 1897లో బ్రిటిష్ సైన్యం ఊరిని పట్టుకుంది. రాజభవనం తగలబడింది. వేలకొద్దీ ఇత్తడి వస్తువులు ఓడలెక్కాయి.

మా దగ్గరున్న వాటిలో ఒక గంటకు మాత్రం కాగితాలు లేవు. అది బెనిన్‌దేనని శుక్రవారంలోగా తేలకపోతే మళ్లీ మా స్టోర్‌రూమ్ అరలోకే. జానెడు పొడవున్న నాలుగు పలకల గంట అది. లోపల నాలుక ఎప్పుడో ఊడిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే కూర్చుని ఫొటోలు తీశాను. తీసి లోపల పెట్టేయబోతూ, చేతిలో గంట ఉంటే మన చెయ్యి ఊరుకోదు కదా, హారతి ఇచ్చే అలవాటు కొద్దీ మూడుసార్లు ఊపాను. మ్యూజియంలో అస్సలు చేయకూడని పని. గంట మోగింది. మూడుసార్లూ స్పష్టంగా మోగింది. లోపల వేలు పెట్టి చూస్తే ఏమీ లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "లంచ్ స్కిప్ చేసుంటావ్. చెవులు గింగురుమన్నాయి, అంతే" అన్నాడు. నాకూ అంతేననిపించింది.

గంటను గుర్తుపడతారేమోనని ఆ ఫొటోలను అప్పటికే ఇసోకెన్‌కి పంపాను. బెనిన్‌లో పుట్టి, మేరీలాండ్‌లో నర్సుగా పనిచేస్తున్న ఆవిడ. తొంభై ఏళ్ల తండ్రి ఆవిడ దగ్గరే ఉంటాడు. ఆయనది ఆ ఇత్తడి పనివాళ్ల వీధే. మర్నాడు పొద్దున ఆవిడ ఫోన్ చేసి, గంట లోపల పైభాగాన చూడమంది. వాళ్ల ఇంట్లో పోతపోసే ముందు మట్టి అచ్చు మీద బొటనవేలు నొక్కేవారట.

టార్చ్ వేశాను. ఇత్తడిలో వేలి కొసంత బుడిపె, దాని మీద సన్నని గీతలు కూడా కనిపించాయి. గంట వెనక్కి పంపే లిస్టులోకెక్కింది. నా సంతోషం అంతా ఇంతా కాదు.

ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే ఆవిడ కాస్త మొహమాటంగా, "నాన్న ఇంకో మాట అడుగుతున్నారు. నిన్న గంట మోగించింది ఎవరు? మూడుసార్లు పిలిచి, ఎందుకు పిలిచారో చెప్పలేదట. మా ఊళ్లో ఆ గంట మోగిస్తే చనిపోయిన పెద్దలు వస్తారు. వచ్చినవాళ్లని అలా నిలబెట్టకూడదు" అంది.

నేను పంపినవి ఫొటోలు. వాటిలో నా చెయ్యి కూడా లేదు. మోగిన సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

గురువారం ప్యాకింగ్. పక్కనున్న అమ్మాయి టేప్ కోసం బయటికి వెళ్లగానే గంట మీదికి వంగాను. సిగ్గేసింది, భయమూ వేసింది. "మిమ్మల్ని మీ ఊరికి పంపిస్తున్నామండీ. ఇన్నాళ్లు నిలబెట్టాం, క్షమించండి" అని తెలుగులోనే చెప్పాను. ఈసారి ఏ చప్పుడూ రాలేదు.

సాయంత్రం ఇసోకెన్ మెసేజ్ పెట్టింది. "ఎవరో బదులు చెప్పారని నాన్న అంటున్నారు. అది ఏ భాషో మాత్రం ఆయనకి తెలియలేదట."