కొలవని పగులు

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధపు అంకెను మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ముందు మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరుగరు గనుక.

మా జమీ తాతగారితోనే పోయింది. ఆ దర్జాను మాత్రం నేను వదల్లేదు. బిలాస్‌పూర్‌కు సగం రోజు ప్రయాణ దూరంలో ఒక బంగారు గనిలో పనిచేసేవాణ్ణి. ఒకప్పుడు అక్కడి జనం వాగు ఇసుకలో బంగారం కడుక్కునేవారట. తరువాత కంపెనీ వచ్చి కొండను మెట్లు మెట్లుగా తవ్వి పెద్ద గొయ్యి చేసింది. పై మెట్టు అంచున నేల పగిలింది. పగులుకు అటూ ఇటూ ఇనుప మేకులు దిగ్గొట్టారు. రోజూ ఉదయం మోకాళ్ల మీద కూర్చుని వాటి మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాయడం నా డ్యూటీ. దూరం పెరిగితే కింద పని ఆపాలి.

ఆ అంచు కింద డ్రిల్లు నడిపేవాడు అప్పన్న. వాళ్ల తాత మా పొలాలు దున్ని, తరువాత రైల్వేలో చేరి బిలాస్‌పూర్ వచ్చినవాడు. ఆ ఉదయం అప్పన్న నా వెంట పైకి వచ్చాడు.

"బాబూ, పగులు పెరిగినట్టుంది. ఓపాలి టేపెట్టి సూడండి."

"నా కళ్లు బాగానే ఉన్నాయి."

"నిలబడి సూత్తే ఏటి తెలుస్తాది? జమీందారీ నడుం వంగదంటే టేపు నాకియ్యండి, నేను కొలుస్తాను," అని నవ్వాడు.

"నీ డ్రిల్లు నువ్వు చూసుకో."

"అచ్ఛా, మీ మాటే బాబూ."

దిగుతూ నా వైపే చూస్తున్నాడు. ఒంటరిగా ఉంటే కొలిచేవాణ్ణే. అతని కళ్లముందు, అతను చెప్పాడని, మోకాళ్ల మీద కూర్చోవడమా? ముందురోజు అంకెనే మళ్లీ రాశాను. మధ్యాహ్నం అంచు విరిగి అతని మీద పడింది. అక్కడే పోయాడు.

విచారణకు వచ్చినవాళ్లు నా పుస్తకం చూశారు. పగులు కదలలేదు గనుక అప్పన్నే, గోడకు మరీ దగ్గరగా పోకూడదని కింద గీసిన హద్దు గీత దాటి ఉంటాడని తేల్చారు. నేను పక్కనే ఉన్నాను. నోరు ఎందుకు రాలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. అతను చెప్పింది నిజమని, నేను వినలేదని పదిమందిలో అనడం నా వల్ల కాలేదు.

అతని భార్య నరసమ్మ బిలాస్‌పూర్‌లోనే, రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటుంది. మొన్న బజారులో కనబడి, తన పెనిమిటికి తొందరెక్కువని, చేతులారా చేసుకున్నాడని నాతోనే అంది. నేను తల ఊపాను.

ఆ తల ఊపిన దగ్గర నుంచి అన్నం సహించడం లేదు. ఈ కాగితం రేపు ఆమెకు చదివి వినిపిస్తాను. క్షమించమని అడగను.

అప్పన్న గీత దాటలేదు. పగులు పెరిగిందని నాకు చెప్పాడు. నేను కొలవలేదు.

ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడే హక్కు దానికి ఉందో లేదో నాకు తెలియదు.