బయట పెట్టిన గొళ్లెం

నిన్న మా ఇంట్లో, టీవీ కోసమే తీసిన సినిమా ఒకటి చూశాం. అందులో తల్లి బయట గొళ్లెం పెట్టి పనికి పోయింది. ఇల్లు అంటుకుని పిల్లలు లోపల చిక్కుకున్నారు. నా మనవరాలు మండిపడింది. "గామె తల్లేనా అమ్మమ్మా?"

"నోర్ముయ్ పోరీ! గట్లయితే మా అమ్మ గూడ తల్లి గాదా? నాకు రాత రాదు. నేను చెప్త, నువ్వు రాయి."

నా ఈడు ఇబ్రహీంపట్నం అక్కలారా, మీకు యాదికుందా? నాట్లప్పుడు బావిలో పడతామన్న భయంతో మన అమ్మలు మనల్ని గుడిసెలో ఉంచి గొళ్లెం పెట్టి పోయేవారు. తలుపు సందులోంచి సన్నటి వెలుగు, నా చేతిలో జొన్నరొట్టె, తొట్టెలలో తమ్ముడు. నేనే ఊపేదాన్ని.

ఒకనాడు పొయ్యిలో నిప్పు గాలికి లేచి గడ్డికప్పుకు అంటుకుంది. పక్కింటి తాత వెనక గోడ పగలగొట్టి నన్ను బయటికి లాగాడు. తమ్ముడు దక్కలేదు. పొలం నుంచి ఉరికొచ్చిన అమ్మ, ఆ బురద చేతులతోనే బూడిదంతా వెతికింది.

కొన్నాళ్లకు నన్ను వెంటబెట్టుకుని నాట్లకు పోయింది.

"పిల్లను సూస్తవా, నాటేస్తవా? ఇంటికి పో," అన్నాడు పొలం పటేలు.

కూలి లేకుంటే తిండి లేదు. మర్నాడు, తనూ నాట్లకు పోయిన పెద్దమ్మ గుడిసెలో నన్ను కూర్చోబెట్టి, అమ్మ మళ్లీ గొళ్లెం పెట్టింది.

"అమ్మా, పోయినవా?" అని అరిచాను.

"ఇంకా పోలే బిడ్డా," అంది తలుపు అవతలి నుంచి.

అడిగినప్పుడల్లా అదే మాట చెప్పింది. చాలాసేపటికి మళ్లీ అడిగితే, జవాబు రాలేదు.