మత్తు డాక్టరమ్మ గ్యాస్ తగ్గించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘తగ్గించు’ అన్న మాట వినబడితే, తగ్గేది ఎవరికని అడగనక్కరలేదు. పెరుగు చాలకపోతే నా కంచంలో తగ్గేది. దుప్పట్లు చాలకపోతే నేనే అమ్మ కొంగులో దూరాలి. ఇద్దరు అన్నల తర్వాత పుట్టిన ఆడపిల్లను మరి. అమ్మకు నామీద ప్రేమ లేక కాదు, తగ్గించినా నోరెత్తనని ధీమా. ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. అదే మాట విని ఒకరోజు ప్రాణభయంతో వణికిపోయాను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. సంతోష్‌నగర్‌లో ఉండేవాళ్లం. ఒక ఉదయం కడుపులో మెలిపెట్టే నొప్పితో లేచాను. మధ్యాహ్నానికి అది కుడివైపుకు దిగి, నన్ను నిలబడనివ్వలేదు. పక్కింటి ఖాలా వచ్చి చూసి, “ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి. జల్దీ దవాఖానకు తీస్కపోండ్రి” అంది. అపెండిక్స్ వాపుకు మా బస్తీలో అదే పేరు. లెక్కలు వచ్చిన పిల్లను కదా, ఆరింటికి మొదలైంది కాబట్టి రేపు ఆరింటికి చచ్చిపోతానని తేల్చేసుకున్నాను. రిక్షాలో బాపు ఒళ్లో ముడుచుకుని, దారిలో కనిపించిన ప్రతి దుకాణంలోనూ గడియారం వెతికాను.

దవాఖానలో ఆపరేషన్ గది ముందు నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. బాపును వరండా చివరే ఆపేశారు. లోపల నాకంటే ముందు ఎవరికో ఆపరేషన్ జరుగుతోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. తియ్యటి వాసన ఏదో వస్తోంది. అంతలో లోపలి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

“గ్యాస్ కమ్ కర్ దో. ఆధా లీటర్ బస్.” గ్యాస్ తగ్గించు, అర లీటరు చాలు అని.

నా పక్కనున్న ఆయమ్మ తనలో తాను అనుకున్నట్టుగా, “మత్తు సీసాలు సరిగ్గ వస్తలెవ్వు. గందుకే తగ్గిస్తుంటరు” అంది.

సగం మత్తు ఇస్తే సగంలోనే మెలకువ వస్తుంది. కత్తి కడుపులో ఉండగా కళ్లు తెరుస్తాను. అరుద్దామంటే నోరు రాదు. లోపలున్న మనిషికే తగ్గించారంటే, ఆ తర్వాత పోయే నాకు ఇంకేం మిగులుతుంది? ఇంట్లో పెరుగు సంగతి వేరు, ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకుంటే ఎలా? నొప్పిని పళ్ల బిగువున పట్టి స్ట్రెచర్ దిగాను. గోడ పట్టుకుని బాపు వైపు నాలుగడుగులు వేసి కూలబడ్డాను. “నాకు ఆపరేషన్ వద్దు బాపూ” అని ఏడుస్తుంటే, ఆయమ్మ పట్టుకోబోయింది. చెయ్యి కొరికేశాను.

లోపలి ఆపరేషన్ అయిపోయి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఇందాకటి గొంతు ఆమెదే. మత్తు ఇచ్చే డాక్టరట. కేకలు వేస్తుందనుకున్నాను. ఆమె వచ్చి నా పక్కన నేలమీదే కూర్చుంది.

“డరో నక్కో బేటా, భయపడకు. ఎవరేమన్నరు?”

“నాకు గ్యాస్ తగ్గించకుండ్రి” అన్నాను.

ఆయమ్మ నవ్వింది. ఆమె నవ్వలేదు. నన్ను తనే లోపలికి తీసుకుపోయి బల్ల మీద పడుకోబెట్టింది. తల పక్కన ఒక యంత్రం ఉంది. దాని గాజు గొట్టంలో, గ్యాస్ ఎంత పోతోందో చూపే చిన్న బిళ్ల తేలుతోంది. నా ముక్కూ నోరూ కప్పేలా రబ్బరు మాస్కు పెట్టి, “ఇది మత్తు కాదు, ఒట్టి ఆక్సిజన్. గా నల్ల సంచి చూసుకుంట ఊపిరి తీస్కో” అంది. పీలిస్తే సంచి ముడుచుకుంది, వదిలితే ఉబ్బింది. అప్పుడామె మర తిప్పింది. బిళ్ల జర్రున కిందికి దిగింది. నేను భయంతో ఊపిరి బిగబట్టాను. పీల్చమంది. పీల్చాను. సంచి ఎప్పటిలాగే ముడుచుకుంది, ఎప్పటిలాగే ఉబ్బింది.

“నువ్వు ఇడిసిన గాలే గీ గొట్టాలల్ల తిరిగి నీకాడికే వస్తది. మధ్యల గీ డబ్బల సున్నం ఉంటది, చెడ్డగాలిని అది గుంజుకుంటది. మత్తు సుత గట్లనే తిరుగుతది. నీ పెయ్యి ఎంత పట్టుకుంటే గంతే కొత్తగ కలుపుతం. నేను తగ్గించింది నీది కాదు బేటా. బయటికి ఉత్తగ పొయ్యేది.”

సంచి చూశాను కాబట్టి కొంత నమ్మాను. అయినా మాస్కు పక్కకు జరిపి అడిగాను: “మధ్యల సరిపోకపోతే?”

ఆమె మాస్కు మళ్లీ సరిచేసింది. “మంచిగ అడిగినవ్” అంది. “ధారాళంగ ఇడిసిపెడితే నాకు అంత ఫికర్ ఉండదు. తగ్గిస్తే మాత్రం కన్ను తియ్యొద్దు. గందుకే నేను లేవను. నీ తలకాడనే కూసుంట.”

చేతికి సూది గుచ్చారు. భయం పోయిందని అబద్ధం చెప్పను. కళ్లు మూతపడే ముందు, ఆమె స్టూలు దగ్గరికి లాక్కోవడం ఒక్కటి చూశాను.

మెలకువ వచ్చేసరికి వార్డులో ఉన్నాను. కడుపు మండుతోంది, వాంతి వచ్చేలా ఉంది. అంటే బతికే ఉన్నానన్నమాట. మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. నా చేత కరిపించుకున్న ఆయమ్మే వచ్చి, డాక్టరమ్మ చివరిదాకా స్టూలు మీంచి కదల్లేదనీ, ఆమెకని తెచ్చిన చాయ్ బయట చల్లారిపోతే పారబోశామనీ బాపుకు చెప్పింది. బాపు నా పాదాలు నిమురుతూ కూర్చున్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత మా ఆయనకు గుండె జబ్బు ముదిరింది. ఒంట్లో నీరు చేరుతోందని, రోజుకు ఇన్ని నీళ్లే ఇవ్వాలని డాక్టర్లు గట్టిగా చెప్పారు. నిండు వేసవి. దాహమని ఆయన చెయ్యి చాచేవారు. బిందె ఆయనకు కనబడకుండా పెట్టి, చూస్తే మనసాగదని నన్ను అవతలి గదిలో ఉండమన్నారు అందరూ. నాకు చేతకాలేదు. చిన్న గ్లాసుతో గుక్కెడు గుక్కెడు పోస్తూ, ఆయన పెదవులూ కాళ్ల వాపూ చూసుకుంటూ మంచం పక్కనే ఉండిపోయాను. నన్ను చూసి ఆయనకే జాలేసేది.

“పోయి జరసేపు నడుం వాల్చు” అనేవారు.

“తగ్గించింది నేనే గద. ఎట్ల లేస్త?” అనేదాన్ని.