మునిరత్నం తేని వైరస్

ఆ రోజు పాకాలలోని మా మామ ఫోటో స్టూడియోలో ఉన్నవి, ఉన్నవాళ్లు: ఒక కంప్యూటర్, దానిలో విండోస్ ఎక్కించే డిస్క్, మామ, పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మునిరత్నం, ఇంజనీరింగ్ మొదటి ఏడాది ముగించిన నేను. తప్పు చేసింది ఒకరు. శిక్ష పడింది ఇంకొకరికి. ఆ సంగతి ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్లకు మీకు చెప్తున్నాను.

కంప్యూటర్ నెమ్మదించిందని మామ అంటే, అడగకుండానే విండోస్ మళ్లీ ఎక్కించాను. ఆన్ చేయగానే దేన్ని ముందు వెతకాలి, దేన్ని తర్వాత వెతకాలి అని కంప్యూటర్ లోపల ఒక వరుస ఉంటుంది. డిస్క్‌ను ముందుకు తెచ్చే తొందరలో ఆ వరుసలోంచి హార్డ్‌డిస్క్‌ను తీసేశాను. తీసేశానని కూడా తెలియదు. పనయ్యాక డిస్క్ బయటికి తీస్తే కంప్యూటర్ లేవలేదు. డిస్క్ పెట్టి, ఏ మీటా నొక్కకుండా ఊరుకుంటే లేచింది; నొక్కితే విండోస్ మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టేది. ఎందుకో తెలియదని చెప్పేయవచ్చు కదా? మామ అందరికీ “మా ఇంజనీరు” అని చూపించుకునే మేనల్లుణ్ణి నేను.

“ఏమయిందిరా దీనికి?” అన్నాడు మామ.

మునిరత్నం తాళాల గుత్తికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్ నా కంటబడింది.

“వైరస్ మామా. ఆ పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది.”

“నా దాంట్లో దేవుడి పాటలే గదన్నా ఉండేది!” అని మునిరత్నం మామతో మొత్తుకున్నాడు.

“ఆ పాటల సందులోనే దూరి వచ్చిండాది సూడు. ఇంక నువ్వు దీని పక్కకి రావాక. కెమెరా పట్టుకోనుండు, చాలు,” అన్నాడు మామ.

ఆల్బమ్ డిజైన్ నేర్చుకోవాలని అతనికి ఎంత ఆశో నాకు తెలుసు. కంప్యూటర్ ముందు కుర్చీ అతనికి దక్కలేదు. పేరు కూడా పోయింది. పెళ్లిళ్లలో జనం “వైరస్సూ, ఈడొక ఫోటో తీయప్పా!” అని కేకలేసేవాళ్లు. నవ్వుతూనే తీసేవాడు. ఆ నవ్వు చూసి, నేను చేసింది అంత పెద్ద తప్పేం కాదులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి. నవ్వేదీ అతనే, సర్దుకోవలసిందీ అతనేనా?

డిస్క్ మాత్రం కంప్యూటర్‌లోనే కాపురం పెట్టింది. రోజూ పొద్దున మామ “ఎవురూ మీటలు ముట్టుకోవాకండి!” అంటే, పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చినవాళ్లు కూడా చేతులు కట్టుకుని నిలబడేవారు. మరుసటి ఏడాదే నాకు అసలు కారణం తెలిసింది: వరుసలో హార్డ్‌డిస్క్ లేదు, ఈ డిస్కే దాన్ని లేపుతోంది. సరిచేస్తే, మరి వైరస్ ఏమైందని అడుగుతారు. అందుకని నేనూ చేతులు కట్టుకున్నాను.

మొన్న ఆయుధ పూజకు మా అత్త కెమెరాలన్నిటికీ బొట్లు పెట్టి, ఇన్నేళ్లు అన్నం పెట్టింది ఇదే కదా అని డిస్క్‌ను కూడా బయటికి తీసి, మెరిసే వైపు దట్టంగా గంధం, కుంకుమ అద్దింది. అంతే. తిరిగి పెడితే కంప్యూటర్ దాన్ని చదవలేకపోయింది. కంప్యూటర్ లేవలేదు. మునిరత్నం సొంత పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి. మామ ఫోన్ చేస్తే, ఇప్పుడు నేనుండే రేణిగుంట నుంచి వచ్చి, ఆ వరుసలో హార్డ్‌డిస్క్‌ను తిరిగి చేర్చాను. డిస్క్ లేకుండానే లేచింది.

“వైరస్ సచ్చింది పో! రారా వైరస్సూ, ఇంక నువ్వే కూర్చో,” అన్నాడు మామ.

మునిరత్నం పరుగున వచ్చి, “నీ మేలు మరిసిపోనప్పా,” అంటూ పూజలో పెట్టిన బొరుగులు, అదే మరమరాలు, నా దోసిట్లో పోశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. బొరుగులు పోసుకుని మూసేశాను.

వైరస్ ఎప్పుడూ లేదు. చేసింది నేను. మునిరత్నం ఇప్పుడు ఆల్బమ్‌లు చేస్తున్నాడు, బాగా చేస్తున్నాడు. పాకాలలో అతణ్ణి సొంత పేరుతో పిలిచేవాళ్లు: అతని భార్య, నేను. మొత్తం ఇద్దరు.